మూడో పిలుపు

మల్లమ్మ గారి ఇంటిని బిల్డరుకు ఇచ్చేశారని నాకు తెలియదు. ఆవిడ కూతురు ఫోన్ చేసి, "కరుణక్కా, సజ్జ మీద మీ టీవీ ఆట డబ్బ ఉన్నది. ఎల్లుండి ఇల్లు కూలగొడ్తరు. కావాల్నంటె వచ్చి తీస్కపో, లేకుంటె పారేస్తం," అంది. పారేయమని చెబుదామనే నోరు తెరిచాను. ఎందుకో "వస్తున్నా" అన్న మాట బయటికొచ్చింది. కొండాపూర్‌లో ఆరేళ్ళు బతికినదాన్ని, ఆ సందు దొరక్క మూడుసార్లు యూటర్న్ తీసుకున్నాను. చివరికి ఒక వాచ్‌మన్‌ని అడిగి వెళ్ళాల్సొచ్చింది, సిగ్గుచేటు. రెండు అపార్ట్‌మెంట్ల నడుమ ఎండ కూడా పడని చోట మేం కిరాయికున్న ఆ డాబా ఇల్లు ఇంకా నిలబడే ఉంది. అట్టపెట్టె మీది దుమ్ము దులిపి మూత తీయగానే వేడెక్కిన వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. పాతికేళ్ళుగా కరెంటు ముట్టని వస్తువుకు వేడి వాసన ఎలా వస్తుందని నన్నడక్కండి, నాకూ తెలియదు. పెట్టెను నా పక్క సీట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. వెనక సీట్లో పెట్టి, గోపన్‌పల్లిలో ఉంటున్న మా తమ్ముడు జాన్సన్ ఇంటికి బయలుదేరాను.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా నాన్న విల్సన్ కొత్తగా లేస్తున్న ఆఫీసు భవనాల్లో లిఫ్టులు బిగించే పనికి కుదిరాడు. అమ్మ ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడేది కాబట్టి మమ్మల్ని పెంచింది నాయనమ్మా తాతయ్యా. చుట్టూ బండలు, సీతాఫలం చెట్లు. రోజూ మధ్యాహ్నం ఎక్కడో విజిల్ ఊదేవారు, కాసేపటికి బండను పేల్చేవారు, నేల ఒకసారి కదిలేది. విజిల్ వినగానే నాయనమ్మ వంటింట్లోకి పరిగెత్తి గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టేది. లేకపోతే పప్పులో ఇసుక పడేది. ఆ మూతల చప్పుడు, ఆ తర్వాత ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత పేలుడు. ఇప్పటికీ ఎక్కడైనా గిన్నెల మీద గబగబా మూతలు పెడుతుంటే నా భుజాలు బిగుసుకుంటాయి.

తాతయ్య పేరు జేమ్స్, మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన మాటే మాట. కళ్ళజోడును రోజుకు రెండుసార్లు కుంకుడు రసంతో కడిగేవాడు. సాయంత్రం ఐదింటికి చేతికర్ర పట్టుకుని చర్చి దాకా నడిచి, ఏడింటికి తిరిగొచ్చి కుటుంబ ప్రార్థన పెట్టేవాడు. ప్రార్థనలో అందరినీ పేరు పేరునా తలుచుకునేవాడు. అమ్మనీ నాన్ననీ మమ్మల్నీ సరే, ఇంటి ఓనరు మల్లమ్మనీ, ఆవిడ గేదెనీ కూడా వదిలేవాడు కాదు. ఒక్కచోట మాత్రం ఆగేవాడు. నాన్న పేరు తర్వాత ఒక పేరు పట్టేంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో నాయనమ్మ కచ్చితంగా దగ్గేది. ఆ దగ్గుకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఆ ఖాళీ మా బాబాయి మార్టిన్‌ది. బాబాయి చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ కీబోర్డు పాడైతే, బాగుచేయించుకొస్తానని హైదరాబాదు తీసుకెళ్ళాడు. కీబోర్డూ రాలేదు, బాబాయీ రాలేదు. అమ్ముకుని పారిపోయాడని ఊరంతా అనుకున్నారు. సంఘపెద్దగా ఉన్న తాతయ్య ఆదివారం అందరి ముందూ లేచి నిలబడి, వాడి పేరు నా ఇంట్లో వినపడదని చెప్పొచ్చాడు. అప్పటి నుంచి వినపడలేదు. మేం ఆ ఊరు వదలడానికి సగం కారణం అదే. నాయనమ్మ మాత్రం ఈ నగరంలో ఎక్కడో తన కొడుకున్నాడనే సంతోషంగా రైలెక్కింది.

ఇక ఆట సంగతి. మేడమీది గదిలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు బెంగళూరుకు మారిపోతూ, మోసుకెళ్ళే ఓపిక లేక, తన వీడియోగేమ్ పెట్టెను మాకిచ్చేశాడు. దానితో ఉన్నది ఒకే ఒక్క డిస్కు, బేస్‌బాల్. అది అమెరికా కరెంటుకు తయారైన పెట్టె కాబట్టి మధ్యలో ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అది ఆట సాగినంతసేపూ మూలుగుతూ వార్నిష్ వాసన వేసేది. మా టీవీకీ ఆ పెట్టెకూ పొసగక బొమ్మ రంగుల్లో వచ్చేది కాదు. బూడిదరంగు మైదానం, బూడిదరంగు మనుషులు, వెనక ముఖాల్లేని జనం. మాకు తెలిసింది క్రికెట్టు. ఔటైనవాడు ఆ ఇన్నింగ్సుకు ఇక రాడనుకునే వాళ్ళం. ఇందులో ఔటైనవాడే తన వంతు రాగానే ఏం ఎరగనట్టు మళ్ళీ కర్ర పట్టుకుని వచ్చి నిలబడేవాడు. మొదట పెట్టె పాడైందనుకున్నాం. అదే ఆట పద్ధతని అర్థం కావడానికి వారం పట్టింది.

అందులో మన ఇష్టమొచ్చిన పేర్లతో జట్టు కట్టుకోవచ్చు, కరెంటు తీసేసినా ఆ పేర్లు చెరిగిపోవు. మైకులో పేరు చదివే గొంతు ఒకటుంది, మగ గొంతు, బొంగురుగా, ఖాళీ హాల్లోంచి వచ్చినట్టుండేది. అమెరికా ఇంటిపేర్లు కొన్నిటిని ముందే చదివించి అందులో దాచారు. మనం టైపు చేసిన పేరు ఆ చిట్టాలో ఉంటే పైకి పిలుస్తుంది, లేకపోతే నంబరు చెప్పి ఊరుకుంటుంది. చూడండి మా రాత, మా ఇంటి మగాళ్ళ పేర్లన్నీ ఆ చిట్టాలో ఉన్నాయి! విల్సన్ అని పిలిచింది. జేమ్స్ అని పిలిచింది. జాన్సన్ అని పిలిస్తే మా వాడు మంచం మీద ఎగిరి గంతేశాడు. కరుణ అని కొడితే మాత్రం 'నంబర్ సెవెన్' అని నోరు మూసుకుంది. ఆ దెబ్బకు జాన్సన్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదో స్థానానికి వాడు మార్టిన్ అని టైపు చేశాడు. బాబాయి పేరు ఎత్తకూడదని వాడికి తెలుసు. టైపు చెయ్యకూడదని ఎవరూ చెప్పలేదట.

ఆ పేరు మొదటిసారి వినపడ్డ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. తాతయ్య చర్చికి వెళ్ళాడు. నాయనమ్మ వెనక గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మల్లమ్మ గడప మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. టీవీలోంచి ఆ గొంతు, "మార్టిన్," అంది. వెనక గదిలో చేట కింద పడింది. నాయనమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఎవరే వాణ్ణి పిలిచింది?"

టేపులో పెట్టిన గొంతు నాయనమ్మా, నిజం మనిషి కాదని చెప్పాను. ఆవిడ ముఖంలో రక్తం లేదు. "మనిషి కాదంటున్నావు, పేరెట్టి పిలుస్తోంది," అంది.

మల్లమ్మ లోపలికొచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "జర ఆగమ్మా, పరేషాన్ గాకు. మనిషైతె మూడుమార్లు పిలుస్తడు. అది ఐతె రెండుమార్లు పిల్చి ఊకుంటది, పలికినోన్ని తీస్కపోతది. గందుకే మూడోది ఇన్నంకనే పలకాలంటరు."

"మావాడు మొదటి పిలుపుకే పలికేస్తాడు మల్లమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే. పిలవడం ఆలస్యం, ఆఁ అమ్మా అంటూ వచ్చి నిలబడేవాడు. ఎక్కడున్నాడో ఏమో, ఇది పిలిస్తే పలికేస్తాడేమో!"

"గట్లయితె లెక్కబెట్టు. మూడైతయేమో సూద్దాం."

ముగ్గురూ కూర్చున్నారు, నాయనమ్మ, మల్లమ్మ, భయపడిపోయిన జాన్సన్. ఆడుతున్నది నేను. తొమ్మిదో స్థానం కాబట్టి మార్టిన్ వంతు ఆలస్యంగా వచ్చేది. రెండోసారి పిలిచింది. ఆట చివరికొచ్చాక మూడోసారి పిలిచింది. నాయనమ్మ ఊపిరి వదిలి, "మనిషే," అని లేచి పొయ్యి వెలిగించింది. ఆ రోజు నుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. తాతయ్య చర్చికి వెళ్ళగానే ఆట పెట్టాలి, మార్టిన్ మూడోసారి వచ్చేదాకా ఆపకూడదు. కరెంటు పోతే వచ్చాక మళ్ళీ మొదట్నుంచీ ఆడాలి. చింతపండులో గింజలు తీస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో నాయనమ్మ వెనక గదిలోంచే లెక్కపెట్టేది. మూడో పిలుపు వినపడితేనే కూర పొయ్యి మీదకెక్కేది. ఈ సంగతి తాతయ్యకు మాత్రం తెలియనివ్వలేదు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు చేసే పని అంటాడని నాయనమ్మకు భయం.

ఒకరోజు ఆవిడ నా పక్కన కూర్చుని బూడిదరంగు మార్టిన్‌ని చూస్తూ అడిగింది. "ఔటయ్యాడు కదే, మళ్ళీ ఎలా వచ్చాడు?"

"ఈ ఆటలో అంతే నాయనమ్మా. ఎన్నిసార్లు ఔటైనా వంతొస్తే మళ్ళీ వస్తాడు."

"అయితే ఇక రానివాడంటూ ఉండడా?"

"మనమే బయటికి పంపేసి వాడి బదులు ఇంకొకణ్ణి దింపితే మాత్రం వాడు ఇక ఆ ఆటలోకి రాకూడదు. అది రూలు."

"మీ తాతయ్యకు నేర్పండే ఈ ఆట," అంది ఆవిడ.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, ముక్కు మీద కోపం. ఇంటి జట్టు నాది, ఎదుటి జట్టు జాన్సన్‌ది. ఓడినవాళ్ళు ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టాలి. వరసగా నాలుగు రోజులు నేనే ఓడి, నేనే బిందెలు మోశాను. ఐదోరోజు ఆట చివరి విడతకొచ్చేసరికి నా వాళ్ళు మూడు బేసుల మీదా పరుగుకు సిద్ధంగా నిలబడి ఉన్నారు, ఒక్క మంచి దెబ్బ పడితే గెలుపు నాది. వంతు మార్టిన్‌ది. అప్పటికి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ గాల్లో కర్ర ఊపి వెళ్ళిపోయాడు. జాన్సన్ పళ్ళికిలించి, "పో అక్కా, బిందె కడుక్కో," అన్నాడు. నాకు తిక్క రేగింది. మార్టిన్‌ని బయటికి పంపేశాను. బెంచీ మీద కూర్చున్న నన్ను దింపాను. ఆ గొంతు "నంబర్ సెవెన్" అంది. మొదటి బంతికే కొట్టాను, గెలిచాను. ముఖాల్లేని జనం బూడిదరంగు చేతులు ఊపారు.

అప్పుడు గుర్తొచ్చింది. వెనక గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"కరుణా, మూడోది పిలిచాడా?"

"పిలిచాడు నాయనమ్మా. నువ్వు కూరగాయలు కడుగుతున్నావుగా, నీళ్ళ చప్పుడులో నీకు వినపళ్ళేదు."

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నా ముఖంలోకి చూసింది. "సరేలే," అని వంటింట్లోకి వెళ్ళింది. నేను గెలిచానన్న మాటే గానీ ఆ ఇంట్లో నిలవలేకపోయాను. జాన్సన్ వంతు బిందె నేనే తీసుకుని ట్యాంకరు దగ్గరికి పారిపోయాను. బయట ఇంకా వెలుతురుంది, ఆరు గంటలై ఉంటుంది.

మరునాడు పొద్దున్నే బాలయ్య అనే టైల్స్ మేస్త్రీ గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట భుజాన వేసుకుని మా గేటు ముందుకొచ్చాడు. తాతయ్య ఎదురెళ్ళాడు. "సార్, మీ మార్టిన్ నా రూమ్‌లనే ఉంటుండె, హఫీజ్‌పేట్‌ల," అన్నాడు. ఇంట్లో వినపడకూడని పేరు ఆ గేటు దగ్గర అలా వినపడింది. "నిన్న పొద్దుమీకి ఆరింటప్పుడు పట్టాలు దాటుతున్నం సార్. నేను దాటిన. ఆయన నడుమల ఆగిండు. ఎవరో పిల్చినట్టు ఇటుదిక్కు మల్లిండు. 'ఆఁ, అమ్మా' అన్నడు. బండి వస్తున్నది, నేను ఒర్రుతనే ఉన్న." తర్వాత ఏమన్నాడో నేను వినలేదు. నాయనమ్మ అరుగు మీద కూలబడింది. మూటలో ఉన్నది చర్చి కీబోర్డు. బాబాయి దాన్ని అమ్ముకోలేదు. మూడు మెట్లు మోగకపోతే బాగుచేసేవాడి కోసం తిరుగుతూనే ఉన్నాడట. "బాగైనంకనే మా నాయన ముందర్కి పోత అంటుండె సార్. ఈ రోడ్డు మీంచే పనికి పోతుంటిమి. గదే మా ఇల్లు అని నాకు సూపిచ్చిండు." మా ఇంటికీ హఫీజ్‌పేట్‌కీ సైకిలు మీద పావుగంట దూరం. తాతయ్య కీబోర్డు మీద చెయ్యి పెట్టి, మోగని ఆ మూడు మెట్లనూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో మార్టిన్ పేరు ఎత్తబోయి ఇక ముందుకు వెళ్ళలేకపోయాడు.

ట్రాన్స్‌ఫార్మర్‌ని, పెట్టెను నేనే సజ్జ మీదికి ఎక్కించాను. మరో నాలుగు నెలలకు ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు కావాలనే దించలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు. రెండు పిలుపులతో ఆపేశాను. రెండు పిలిచి ఊరుకునేది మనిషి కాదని మల్లమ్మ చెప్పింది. అది పిలిచింది, బాబాయి అలవాటు కొద్దీ పలికాడు. చదువుకున్నదాన్ని, నలుగురిలో ఇలాంటివి విని నవ్వేదాన్ని. అయినా పాతికేళ్ళపాటు పట్టాలు కనపడితే చాలు, నేను చంపానన్న మాటే గుర్తొచ్చేది. నాయనమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆవిడలో ఒక మార్పు మాత్రం అందరికీ వింతగా తోచేది. ఎవరినీ పేరు పెట్టి పిలవడం మానేసింది. అన్నానికి రమ్మనాలంటే మోకాళ్ళ నొప్పులతో గది దాటి, మెట్లెక్కి, మా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసేది. "అక్కణ్ణుంచే కేకెయ్యొచ్చుగా అత్తయ్యా," అని అమ్మ విసుక్కునేది. ఆవిడ నవ్వి ఊరుకునేది. వెనక నుంచి చప్పుడు లేకుండా ఆ చెయ్యి పడినప్పుడల్లా నేను అదిరిపడి కసిరేదాన్ని కూడా.

జాన్సన్ ఇప్పుడు పెద్ద కంపెనీలో మేనేజరు, పదిమందిని కూర్చోబెట్టి పని చేయించే మనిషి. పెట్టెను అందుకుని, తీగలు వెతికి పెద్ద టీవీకి తగిలించాడు. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది. తెర వెలిగింది. ఇద్దరం నోరు తెరిచాం. గడ్డి పచ్చగా ఉంది. మా జట్టు బట్టలు నీలం. ఆరేడు నెలలు ఆడిన ఆట, దానికి రంగులున్నాయని అప్పుడే చూశాం. అప్పటి గుడ్డి బొమ్మలో మనుషులు నిజంగా ఉన్నట్టు అనిపించేది. ఈ పచ్చదనంలో అందరూ అతుకుల బొమ్మల్లా ఉన్నారు. గొంతు మాత్రం మారలేదు. విల్సన్ అంది, నాన్న పోయి ఆరేళ్ళు. జేమ్స్ అంది, తాతయ్య పోయి ఇరవై. జాన్సన్ వాళ్ళ పద్నాలుగో అంతస్తు గదిలో పోయినవాళ్ళు వంతులవారీగా వచ్చి వెళుతున్నారు. తొమ్మిదోవాడి దగ్గర, "మార్టిన్," అంది. రెండోసారి పిలిచాక జాన్సన్ ఆట ఆపబోయాడు.

"ఆపకు," అన్నాను. ఇక దాచుకోలేక అంతా చెప్పేశాను. పంపేసింది నేను, అబద్ధం చెప్పింది నేను, మూడో పిలుపు లేకుండా చేసింది నేనే అని ఏడ్చాను.

వాడు తెర వైపే చూస్తూ, "నాయనమ్మకు తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు అబద్ధం చెప్పావని. నువ్వు బిందె తీసుకుని వెళ్ళావు. ఆవిడ పొయ్యి వెలిగించలేదు. పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. 'రెండే పిలిచాడు, మూడోది నేను పిలుస్తా. మనిషి పిలిచినట్టవుతుంది,' అంది. పిలిచింది."

"గట్టిగానా?"

"ఊహూఁ. అన్నానికి పిలిచినట్టు. మార్టినూ అని, ఒక్కసారి. నన్ను చూసి, అక్కకు చెప్పొద్దురా, భయపడుతుంది అంది." వాడు తెర మీంచి నా వైపు తిరిగాడు. "మర్నాడు బాలయ్య చెప్పిందంతా విన్నాక, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే మాట అంది. అక్కకు ఎప్పుడూ చెప్పొద్దురా అని."

ఆఁ, అమ్మా. రైలు మీదికొస్తుంటే ఎవరైనా అమ్మా అనే అరుస్తారని అనుకున్నాం ఆ రోజు. బాబాయి అరవలేదు, పలికాడు. ఆయన పలికింది ఆ పెట్టెలోని గొంతుకు కాదు. ఇది తెలిసి ఆవిడ తొమ్మిదేళ్ళు మా మధ్య తిరిగింది, కూర వండింది, నా జడ వేసింది. నేను కసురుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మూడో పిలుపు వచ్చేదాకా ఆడాం. వచ్చింది. ఎవరూ పలకలేదు. జాన్సన్ లేచి టీ పెడతానని వంటగదిలోకి వెళ్ళాడు. తలుపులోంచి వాడి వీపు కనపడుతోంది. నా టీలో చక్కెర వద్దని చెప్పాలి. పిలుద్దామని నోరు తెరిచాను. పిలవలేదు. లేచి, హాలంతా నడిచి వెళ్ళి, వాడి భుజం మీద చెయ్యి వేశాను.